హుక్కుకు కట్టిన కాషాయం బట్ట

తుమ్మగూడ, కెరమెరి మండలం
జూన్ 4

అన్నకు,

ప్రవళిక రాస్తున్నది. నేను బాగున్నాను. అవ్వ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? ఫోన్ చేయలేదని కోపం పెట్టుకోకు. ఇక్కడ సిగ్నల్ కావాలంటే గుట్ట ఎక్కాలి. ఫోన్ ఆయన దగ్గర ఉంటుంది. ఎక్కి చేసినా వెల్డింగ్ షాపులో గ్రైండర్ మోతకు పోయిన నీ చెవులకు నా గొంతు ఆనదు. పెళ్లయిన కొత్తలో రెండుసార్లు చేస్తే "ఎవరు, ఎవరు" అని అడిగి పెట్టేశావు. అందుకే రాస్తున్నాను. ఏడో తరగతితో ఆగిపోయినదాన్ని, తప్పులుంటే నువ్వే సరిచేసుకొని చదువుకో.

ఆయన కొత్త జీపు తీసుకున్నాడు. నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందుతుందట, ఎంత గుట్టయినా ఎక్కుతుందట. ఇన్నేళ్లూ మంచిర్యాలలో వేరేవాళ్ల బండి నడిపాడు. ఇప్పుడు సొంతది. పట్నం వాళ్లు ఆదివారాలు వచ్చి అడవి బాటల్లో, వాగుల్లో, రాళ్ల మీద తిరగడానికి ఇష్టపడుతున్నారట. వాళ్లను తిప్పుతానంటున్నాడు. మిగతా రోజుల్లో మా గూడేల వాళ్లకు పనికొస్తుంది. మా ఊరికీ తారు రోడ్డుకూ మధ్య రెండు వాగులున్నాయి. వానాకాలం అంబులెన్స్ మొదటి వాగు అవతలే ఆగుతుంది. పోయిన ఏడు ఒకామెను మంచం మీద మోసుకుపోయారు.

ఇక్కడి బాటలకు తగ్గట్టు బండికి ఏమేమి కావాలో అన్నీ నీ షాపులోనే పెట్టించాలని ఆయన అనుకున్నాడు. "బామ్మర్ది షాపుండంగ బయటోని చేతుల ఎందుకు పెట్టాలె" అని అత్త కూడా అంది. నాకు ఎంత సంతోషం అయిందో రాయలేను. ఈ ఇంట్లో నా పుట్టింటి పేరు మంచిగా తలవడం ఇదే మొదలు.

ఆయన వెంట రాజయ్య మామ వస్తాడు. మా పక్కిల్లే. ఈ గుట్టల్లో ఆయనకు తెలియని బాట లేదు కాబట్టి జీపులో ముందు సీటు ఆయనదే. కెరమెరి పోస్టాఫీసు నుంచి నీ ఉత్తరాలు తెచ్చిచ్చేది కూడా ఆయనే. ఇచ్చేటప్పుడల్లా "ఏం బిడ్డా, నోట్ల ముత్యాలున్నయా, మాట్లాడితే జారిపోతయా?" అని ఏడిపిస్తాడు. నేను తల వంచుకొని లోపలికి వచ్చేస్తాను.

నువ్వు అతికింది ఊడదని నాకు తెలుసు. చిన్నప్పుడు నీ షాపులో కూర్చుంటే ఆ వెలుగు చూడొద్దని నా కళ్లకు నీ రుమాలు కట్టేవాడివి. చల్లారాక విప్పి, కరిగి గట్టిపడిన అతుకును చూపించేవాడివి. చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి వరుసగా కూర్చుంటే అది మంచి పూస, చీమిడి కారినట్టు ఉంటే ఉత్తది అని చెప్పేవాడివి. నాకు ఇంకా గుర్తుంది.

నీ చెల్లెలు
ప్రవళిక

---

కరీంనగర్
జూన్ 19

చెల్లె ప్రవళికకు,

దేవదాస్ బావ వచ్చి నాలుగు రోజులు ఉండి, ఈ మంగళవారం బండి తీసుకుపోయాడు. ఈ ఉత్తరం కంటే ముందే ఇల్లు చేరి ఉంటాడు. అవ్వ బాగుంది. బావకు రోజూ జొన్నరొట్టె చేసి పెట్టింది.

బండి మంచిది. కొత్తదానికి చిల్లులు పెట్టాలంటే మొదట నాకే చెయ్యి ఆడలేదు. ఏమేమి పెట్టానో నీకు రాస్తాను, ఎవరైనా అడిగితే చెప్పు. టైర్లు మార్చాము. ఇవి పెద్ద పెద్ద గడ్డలున్నవి, మీ నల్లరేగడి బురదలో కూడా జారవు. రాళ్ల మీద పోయేటప్పుడు గాలి కొంచెం తీసేయాలి, తారు రోడ్డు ఎక్కే ముందు మళ్లీ కొట్టాలి. దానికి బ్యాటరీతో నడిచే చిన్న పంపు సీటు కింద ఉంది. ఇంజన్ కింద మందమైన ఇనుప పలక వేశాను, రాయి తగిలినా ఏమీ కాదు. ఇంజన్ గాలి పీల్చే గొట్టాన్ని పక్క నుంచి టాపు దాకా లేపాను. గొట్టం ఉంది కదా అని పారే నీళ్లలోకి దిగొద్దు. నీళ్లు ఇంజన్లోకి పోవు గానీ బండిని పక్కకు తోసేయగలవు. టాపు మీద క్యారియర్, దానికి పార, బురదలో టైరు కింద వేసే రెండు జాలీ పలకలు. పొగమంచుకు పసుపు లైట్లు.

ముందర బలమైన ఇనుప గార్డు బిగించి, ఇరుక్కున్న బండ్లను లాగడానికి దానికి హుక్కు కూడా పెట్టాను. సాగే పట్టీ ఒకటి ఇచ్చాను. లాగేటప్పుడు పట్టీ మధ్యలో తడి గోనెసంచి వేయాలి. తెగినా ఎగరకుండా కింద పడుతుంది. బావ వెంట వచ్చిన ముసలాయన ఈ మాట మూడుసార్లు చెప్పించుకున్నాడు.

మంగళవారం పొద్దున కొండగట్టులో పూజ చేయించి, కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి అక్కడి నుంచే పంపాను. స్వామి దగ్గరి కాషాయం బట్ట ముందర కట్టించాను. ఇక ఏ భయమూ లేదు.

నీ అన్న
సంపత్

---

తుమ్మగూడ
జూలై 14

అన్నకు,

నీ ఉత్తరాన్ని నా పెట్టెలో చీర మడతల్లో దాచుకున్నాను. జీపు చూడడానికి పక్క గూడేల నుంచి కూడా వచ్చారు. అత్త ఒక్కొక్కటీ చేత్తో తట్టి చూపిస్తుంది. "గీ గొట్టం మా కోడలి అన్న పెట్టిండు. గీ పలక గూడ గాయిననే" అంటుంది. నేను తలుపు చాటున నిలబడి వింటాను. పెళ్లయి రెండేళ్లలో నన్ను ఇంతగా పొగిడింది లేదు. పొగిడింది నిన్నే అనుకో.

మొదటి వానలకే ఒక బాలింతను రెండు వాగులూ దాటించి ఆసిఫాబాద్ ఆసుపత్రికి చేర్చారు. తల్లీ బిడ్డా బాగున్నారు. ఆదివారాలు పట్నం వాళ్లు వస్తున్నారు. వాగు దగ్గర రాజయ్య మామ ముందుగా కర్రతో నీళ్లలోకి దిగి లోతు చూసి చెయ్యి ఊపితేనే ఆయన బండి దింపుతాడు. వచ్చినవాళ్లు మామనే ఫోటోలు తీసుకుంటున్నారు. "నా బొమ్మ పట్నంల తిరుగుతుంది, నేనే ఇంక కరీంనగర్ దాటలే" అని మామ నవ్వుతాడు. ఆయన భార్య దుర్గవ్వ మాత్రం నీళ్లలో దిగి దిగి కాళ్లు పాసిపోయాయని తిడుతూ పసుపు రాస్తుంది.

హుక్కుతో ఇప్పటికి మూడు బండ్లను గుంజాడు. రెండు ఆటోలు, ఒక పాల వ్యాను. గోనెసంచి తడిపి వేసే పని మామది. ఆ పని ఇంకెవరినీ చేయనివ్వడు.

నువ్వు కట్టించిన బట్ట సరిగ్గా హుక్కు మెడకు ఉంది కదా, వానకు తడిసి ముడి బిగుసుకుంది. పట్టీ తగిలించేటప్పుడు అడ్డం వస్తుందని ఆయన ఒకరోజు విప్పబోతే అత్త ఆపింది. "స్వామి కాడ కట్టింది. అదే సినిగి పడిపోవాలె గాని మన చేతులతోని విప్పద్దు" అంది. అందుకని బట్టను కొంచెం వెనక్కి జరిపి, దాని మీదుగానే తగిలిస్తున్నారు.

అవ్వను అడిగానని చెప్పు.

ప్రవళిక

---

కరీంనగర్
ఆగస్టు 2

చెల్లెకు,

నీ ఉత్తరం అంది పది రోజులు దాటింది. షాపులో పని ఎక్కువగా ఉండి రాయలేదు.

ఒక చిన్న సంగతి. ఆ కాషాయం బట్ట విప్పి, హుక్కు అడుగున, గార్డుతో కలిసే చోట చూడు. పూస ఎలా ఉండాలో నీకు తెలుసు. అక్కడ వెంట్రుకంత సన్నగా తుప్పు రంగు గీత కనబడితే ఆ హుక్కుతో ఏ బండినీ లాగొద్దని బావకు చెప్పు. కనబడకపోయినా ఒకసారి బండి నా దగ్గరకు వచ్చేదాకా లాగకపోతే మంచిది. జోరుగా లాగేటప్పుడు హుక్కు ఊడితే తుపాకి గుండులా పోతుంది. ఎదుట ఉన్న మనిషి మిగలడు.

ఇది నా అనుమానమే. భయపడాల్సింది ఏమీ లేదు. బండి తెస్తే ఒక్క పూట పని.

సంపత్

---

తుమ్మగూడ
ఆగస్టు 9

అన్నకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. భయపడాల్సింది లేదంటావు, మనిషి మిగలడంటావు. ఏది పట్టుకోవాలో నాకు తెలియలేదు.

ఆయన అన్నానికి కూర్చున్నప్పుడు జీపు దగ్గరికి పోయాను. ముడి మీద చెయ్యి వేశాను. అత్త వాకిట్లోంచి చూసింది.

"ఏం జేస్తున్నవే ఆడ?"

"బట్ట మురికైంది, ఉతుకుదామని" అన్నాను.

"స్వామి బట్ట ఉతుకుతరా? మీ అవ్వ గింత గూడ నేర్పలేదా?"

చెయ్యి తీసేశాను. ఆ తర్వాత మళ్లీ పోలేదు.

ఆయనకు కూడా సగమే చెప్పాను. అన్న ఒకసారి బండి తెమ్మన్నాడని అన్నాను. "మీ అన్నకు నన్ను జూడబుద్ధైతుందేమో. పొలాల అమాస అయినంక పోదాం తియ్" అని నవ్వాడు. హుక్కుతో గుంజొద్దన్నావని మాత్రం నోటికి రాలేదు. చెబితే ఏమంటారో నాకు తెలుసు. ఇన్నాళ్లూ తట్టి చూపించిన చేతులతోనే "మీ ఇంటోళ్ల పని గింతేనా" అంటారు. ఆ మాట అన్నాక ఈ ఇంట్లో నేను ఎక్కడ కూర్చుని అన్నం తినాలి?

ఒక్కటి అడుగుతాను. నీది అనుమానమా, లేక నీకు తెలిసిందా? తెలిసిందైతే తెలిసిందని రాయి. అప్పుడు ఎవరేమన్నా సరే నేను చెబుతాను. పట్నం వాళ్లు మళ్లీ పద్దెనిమిదిన వస్తున్నారు. ఆలోపు రాయి. రాజయ్య మామను రోజూ పోస్టాఫీసుకు పోయి చూడమన్నాను. "ఏం బిడ్డా, గంత తొందరేంది, అన్న పెండ్లి పెట్టుకున్నడా మళ్ల?" అన్నాడు. అయినా పోతున్నాడు.

ప్రవళిక

---

తుమ్మగూడ
ఆగస్టు 21

అన్నకు,

రాజయ్య మామ చనిపోయాడు.

ఆదివారం రెండో వాగులో ఎరువుల బస్తాల ట్రాక్టరు ఇరుక్కుంది. పైన వాన పడి నీళ్లు పెరుగుతున్నాయి. ఆయన జీపును ట్రాక్టరుకు ఎదురుగా గట్టున పెట్టి, ముందర హుక్కుకు పట్టీ తగిలించి వెనక్కి గుంజాడు. పట్నం వాళ్లు దిగి పక్కన నిలబడ్డారు. మామ గోనెసంచి తడిపి పట్టీ మీద వేసి, ట్రాక్టరు చక్రం కింద రాయి పెట్టడానికి మళ్లీ నీళ్లలోకి పోయాడు. మొదటి గుంజుడుకు రాలేదు. రెండోసారి జోరుగా తొక్కాడు. పట్టీ తెగలేదు. హుక్కు ఊడింది. బట్టతో సహా ఎగిరిపోయి మామ ఛాతీకి తగిలింది.

ఆ జీపులోనే పడుకోబెట్టి ఆసుపత్రికి బయలుదేరారు. మొదటి వాగు దాటకముందే ప్రాణం పోయింది.

నిర్లక్ష్యంగా నడిపాడని ఆయన మీద కేసు రాశారు. పట్నం వాళ్లు తీసిన వీడియోలో "మెల్లగ, మెల్లగ" అని ఎవరో అరిచింది వినబడుతుంది. ఆయన కూడా "నేనే తొక్కిన, నేనే సంపిన" అంటున్నాడు తప్ప వేరే మాట లేదు. ఆసిఫాబాద్ తీసుకుపోయారు. బండి కూడా అక్కడే ఉంది.

హుక్కు ఎక్కడ పడిందో ఎవరూ చూసుకోలేదు. నిన్న నీళ్లు తగ్గాక నేనే పోయి వెతికాను. ట్రాక్టరు నిలిచిన చోటు నుంచి ఇరవై అడుగుల దిగువన రాళ్లలో దొరికింది. ముడి రాకపోతే కొడవలితో కోశాను.

పొలుసులు లేవు అన్నా. చీమిడి కారినట్టు ఉంది. దాని కింద గార్డు రంగు నల్లగా, కొత్తగా అంటుకొని వచ్చింది. రంగు కూడా గీకకుండా అతికావు.

నువ్వే నేర్పావు కదా. ఒక్కసారి చూసి ఉంటే నాకు తెలిసిపోయేది. బట్ట లేకపోతే మొదటి రోజే తెలిసేది.

నా ఉత్తరానికి జవాబు రాలేదు.

ప్రవళిక

---

కరీంనగర్
ఆగస్టు 27

చెల్లె,

ఇది చదివాక కాల్చేయి.

హుక్కును గార్డుకు నాలుగు బోల్టులతో బిగించాలి. ఆ సైజు బోల్టులు నా దగ్గర లేవు, రెండు రోజుల్లో వస్తాయన్నారు. బావ మంగళవారమే పోవాలన్నాడు. పట్నం వాళ్లకు మాట ఇచ్చాడట. నేను రెండు రోజులు ఆగమని ఉండాల్సింది. బామ్మర్ది పని తెలియనివాడని ఎక్కడ అనుకుంటాడో అని అనలేదు. సోమవారం సాయంత్రం వాన. కరెంటు సన్నగా వస్తోంది. రంగు గీకి తెల్ల ఇనుము తేల్చేంత సమయం లేదు. అలాగే అతికాను. పూస పైన కూర్చుంది గానీ లోపలికి దిగలేదు. చల్లారకముందే నాకు తెలుసు.

బట్ట హుక్కుకే కట్టమని పూజారికి చెప్పింది నేనే. అద్దం దగ్గర కట్టబోతుంటే వద్దని హుక్కుకు కట్టించాను. ఆ పూస బావ కంట పడొద్దని.

బోల్టులు వచ్చాక పిలిపించి మారుద్దామనుకున్నాను. రోజులు పోయాయి. నీ ఉత్తరంలో మూడు బండ్లను లాగాడని చదివాను. పక్క షాపు వాడితో బావకు ఫోన్ చేయించి ఉండొచ్చు. వాడికి తెలిస్తే కరీంనగర్ అంతా తెలుస్తుందని చేయించలేదు. నువ్వు అనుమానమా, తెలిసిందా అని అడిగిన ఉత్తరం పదమూడున అందింది. రెండుసార్లు రాసి చించాను.

ఆ మనిషి పోయాడు. నేను జైలుకు పోతే తిరిగి రాడు. బావది పొరపాటు కింద పోతుంది, బెయిలు వస్తుంది. తెలిసి చేసినవాడిని నేను. నాకు రాదు. అవ్వ ఉంది, ఇద్దరు పిల్లలున్నారు, ఈ షాపు తప్ప ఏమీ లేదు. హుక్కును మళ్లీ వాగులో వేసేయి. నీ కాళ్లు పట్టుకుంటాను.

సంపత్

---

తుమ్మగూడ
సెప్టెంబర్ 1

సంపత్ అన్నకు,

ఉత్తరం కాల్చలేదు. హుక్కు నా పెట్టెలో ఉంది.

వచ్చే సోమవారం తొమ్మిదో తేదీన ఆసిఫాబాద్ స్టేషన్‌కు పోతున్నాను. నువ్వు రా. నీ నోటితో నువ్వే చెప్పు. పదింటికి బస్టాండులో ఉంటాను.

ప్రవళిక

---

తుమ్మగూడ
సెప్టెంబర్ 11

సంపత్ అన్నకు,

బస్సు దిగింది నువ్వు కాదు, అవ్వ.

మోకాళ్లతో మెట్లు దిగలేక కండక్టరు చెయ్యి పట్టుకుంది. నన్ను చూసి ఏడవలేదు. పక్కన బెంచీ మీద కూర్చుని, "ఒక్కడే కొడుకు బిడ్డా. నీ మొగడు ఎట్లనన్న బయటికొస్తడు" అంది. కొంచెంసేపటికి, "నువ్వు చిన్నప్పటి సంది ఎవ్వల ముంగట మాట్లాడినదానివి కాదు. గిప్పుడెందుకు మాట్లాడుతవ్" అంది. సంచిలో నా కోసం సకినాలు తెచ్చింది. నేను ఆమెకు టీ ఇప్పించి, అక్కడే కూర్చోమని చెప్పి లోపలికి పోయాను.

ఎస్సై నన్ను నిలబెట్టలేదు, కూర్చోమన్నాడు. చెప్పాను. మొదట గొంతు రాలేదు. రాజయ్య మామ ముత్యాల మాట గుర్తొచ్చి వచ్చింది. హుక్కు, నీ ఉత్తరం బల్ల మీద పెట్టాను. నువ్వు బోల్టులు లేకుండా అతికింది, బట్ట కట్టించింది చెప్పాను. నేను ముడి మీద చెయ్యి వేసి తీసేసింది, గుంజొద్దన్న మాట ఆయనకు చెప్పకుండా దాచింది కూడా చెప్పాను. నీ సంగతి రాసుకున్నారు. నాది రాసుకోలేదు. అది కేసుకు అవసరం లేదమ్మా అన్నాడు. మళ్లీ చెప్పాను. మళ్లీ రాసుకోలేదు.

తర్వాత జైల్లో ఆయనను చూడనిచ్చారు. మొత్తం చెప్పాను.

"గప్పుడే ఒక్క మాట చెప్తే, నేను గుంజుదునా?" అన్నాడు. అంతే. తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆయన బయటికి వస్తే నాతో ఉంటాడో లేదో తెలియదు. అత్త నాతో మాట్లాడటం లేదు.

స్టేషన్‌కు పోయే ముందు రోజు నీ ఉత్తరం దుర్గవ్వకు చదివి వినిపించాను. ఆమెకు చదువు రాదు. అంతా విని, "మళ్ల చదువు బిడ్డా, ఆయిన పేరు రాసిన కాడ" అంది. నేను మొదటి నుంచి చివరి దాకా వెతికాను. లేదు. "ఆ మనిషి" అని ఉంది. అది చెబితే, "పేరు రాయలేదా" అని ఒక్కసారి అడిగి, లేచి పోయి ఇంటి ముందర ఊడ్చుకుంది.

వాళ్లు వారం పది రోజుల్లో నీ కోసం వస్తారు. అవ్వ దగ్గరికి నేను వస్తాను, పిల్లలను చూస్తాను. దాని గురించి పరేషాన్ కాకు. ఆలోపు ఒక పని చెయ్యి. దుర్గవ్వకు ఒక ఉత్తరం రాయి. రాజయ్య అని పేరు రాయి. ఏం చేశావో రాయి. కెరమెరి పోస్టాఫీసు నుంచి తెచ్చేందుకు ఇప్పుడు ఎవరూ లేరు, నేనే నడిచిపోయి తెస్తాను. చదివి వినిపించేది కూడా నేనే. ఒక్క మాటా వదలను.

ప్రవళిక